చెప్పేస్తా అన్న మాట

రిటైరై ఇన్నేళ్లయినా ఆ వీధిలో అందరూ ఆవిడను స్టెనోగారనే పిలుస్తారు. మందుల షాపతను రసీదు మీద కూడా అదే రాస్తాడు. కోర్టు హాల్లో జడ్జిగారి బల్ల కింద చిన్న కుర్చీలో కూర్చుని, ఎవరేం మాట్లాడినా పొల్లు పోకుండా గీతల్లో పట్టుకుని, సాయంత్రానికి టైపు చేసి ఇవ్వడం ఆవిడ ఉద్యోగం. ఉద్యోగమంతా మాటలతోనే అయినా ఆవిడ ఆ హాల్లో నోరు విప్పిన సందర్భాలు తక్కువ. వినపడనప్పుడు "మళ్ళీ చెప్పండి" అనేది. జడ్జిగారు అడిగినప్పుడు రాసుకున్నది చదివి వినిపించేది. అంతే.

ఆవిడ ఒక్కగానొక్క కూతురు యూనివర్సిటీలో భాషాశాస్త్రం ప్రొఫెసరు. జుట్టు సగం నెరిసింది. వరండాలో ఆమె అడుగుల చప్పుడు వినపడితే పరిశోధన విద్యార్థులు సెల్‌ఫోన్లు జేబుల్లో పెట్టుకుంటారు. ఇంట్లో మాత్రం ఇప్పటికీ చిట్టే.

ఆ చిట్టి కోర్టులో సాక్ష్యం చెప్పబోతోందని తెలిసిన రోజు నుంచి స్టెనోగారికి కాలూ చెయ్యీ ఆడలేదు.

"నేనూ వస్తాను," అంది.

"ఎందుకమ్మా? అక్కడ గంటల తరబడి కూర్చోవాలి. నీ నడుము సంగతి నీకు తెలుసు."

"ఆ బెంచీల సంగతి నాకు చెబుతున్నావా?"

"నువ్వు ఎదురుగా కూర్చుంటే నాకు బెరుకుగా ఉంటుంది."

"అయితే వెనక కూర్చుంటాను."

ఇక చిట్టి వాదించలేదు. వాదించి గెలిచిన రోజులేవీ ఆమెకు గుర్తున్నట్టు లేదు.

కేసు చూడబోతే ఒక్క మాట మీద నడుస్తున్న కేసు. ఊరి చివర అట్టపెట్టెల ఫ్యాక్టరీలో మడత మిషను మీద పనిచేసే ఒకాయన ఉన్నాడు. మనిషి బాగా ఎత్తు. తోటివాళ్ళు పొడుగాయన అంటారు. షిఫ్టు నడుస్తున్నంతసేపూ హాలు వెనక తలుపుకు బయట తాళం వేస్తున్నారని ఆయనకూ మేనేజరుకూ పెద్ద గొడవ జరిగింది. నిప్పంటుకుంటే ఎటు పోవాలని ఈయన అడిగాడు. సరుకు పోతే ఎవరు కట్టాలని మేనేజరు అడిగాడు. మాటా మాటా పెరిగి పొడుగాయన మేనేజరు భుజం పట్టి నెట్టాడు. కొద్ది రోజుల తర్వాత మిషను పక్కనుంచే మేనేజరుకు ఫోను చేశాడు. ఆ ఫోను రికార్డయింది. "ఇక చాలు. తాళం తియ్యకపోతే చంపేస్తా" అన్నాడని పోలీసులు కాగితం మీద రాశారు. పొడుగాయనను తీసుకెళ్ళి లోపల పెట్టారు.

పొడుగాయన మాత్రం మొదటి నుంచీ ఒకటే మాట. "నేను చంపేస్తా అనలేదు. చెప్పేస్తా అన్నాను. కార్మికుల ఆఫీసుకెళ్ళి చెప్పేస్తా అని." ఎవరూ నమ్మలేదు. ముందే చెయ్యి చేసుకున్న మనిషి మరి. ఎందుకైనా మంచిదని జడ్జిగారు ఆ రికార్డింగును యూనివర్సిటీకి పంపించారు. అది చిట్టి బల్ల మీదికి వచ్చింది.

ఆ తర్వాత చిట్టి ఆ పనిలో పడి లోకం మరిచిపోయింది. సెలవు రోజుల్లో తల్లి ఇంటికి వచ్చినా చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని భోజనాల బల్ల దగ్గరే కూర్చునేది. ఎదురుగా కంప్యూటరు తెర మీద వాన నీళ్ళు కారిన గోడలాగా నల్లటి చారలు. అవే మాటల బొమ్మలని చెప్పింది. కాఫీ చల్లారిపోయేది.

"ఒక్క మాటకు ఇన్నాళ్ళా?" అని అడిగింది స్టెనోగారు.

"ఆ ఒక్క మాట మీదే ఆయన ఇంట్లో ఉండడమో జైల్లో ఉండడమో తేలాలమ్మా."

"అది నిజమే అనుకో. తేలిందా మరి?"

"కోర్టులో చెబుతాను," అంది చిట్టి. కన్నతల్లికి కూడా చెప్పలేదు. స్టెనోగారు ముఖం ముడుచుకుంది గానీ లోపల మాత్రం మెచ్చుకుంది.

స్టెనోగారి భయం వేరే ఉంది. చిట్టి కవిత్వం రాస్తుంది. వయసులో ఉన్నప్పుడు అందరూ రాసినట్టు రాసి వదిలెయ్యలేదు, రాస్తూనే ఉంది. రెండు పుస్తకాలు వచ్చాయి. మొదటిది వచ్చినప్పుడే స్టెనోగారు చెప్పి చూసింది. "వేరే పేరు పెట్టుకోవే. నలుగురిలో చులకనైపోతావు. పెద్ద ఉద్యోగం చేసేవాళ్ళు పాటలూ పద్యాలూ రాస్తే వాళ్ళ మాట గట్టిగా ఎవరు తీసుకుంటారు?" అని. చిట్టి నవ్వేసింది. "పాఠం చెప్పేదీ నేనే, పద్యం రాసేదీ నేనే. ఇంకో పేరెందుకమ్మా?" అంది. రెండో పుస్తకం తెచ్చి చేతిలో పెట్టినప్పుడు స్టెనోగారు అట్ట మీద కూతురి పేరు తడిమి చూసుకుని అలమరలో నిలబెట్టింది. తెరవలేదు. బతుకంతా ఒకళ్ళ మాటలు కాగితం మీదికి ఎక్కించిన మనిషి. ఇంట్లో అచ్చక్షరం కనపడితే కళ్ళు వాటంతటవే పక్కకు తిరిగేవి. పైగా ఆ పుస్తకంలో ఏముందో అన్న జంకు ఒకటి.

అనుకున్న రోజు రానే వచ్చింది. కోర్టు వరండాలో హెడ్ గుమాస్తా ఎదురొచ్చాడు. స్టెనోగారు పనిచేసే రోజుల్లో అతను ఫైళ్ళు మోసే కుర్రగుమాస్తా. ఇప్పుడు బట్టతలా బొజ్జా వచ్చాయి.

"రండి రండి స్టెనోగారూ. మీ పాత కుర్చీ వేయించమంటారా?"

"వద్దు బాబూ. ఇవాళ వినడానికి వచ్చాను."

"ఇక్కడ మీరు ఎప్పుడూ చేసిన పని అదేగా."

"అది రాయడం. రాసేటప్పుడు ఏమీ వినపడదు."

అతను నవ్వి, వెనక వరుసలో కిటికీ పక్కన చోటు చూపించాడు. హాలు పెద్దగా మారలేదు. గోడలకు రంగు వేశారు, ఫ్యాన్లు కొత్తవి. బోను కటకటాలూ, వాటి మీద చేతులు రాసుకుని రాసుకుని నునుపుదేలిన చెక్కా అవే. బల్ల కింద చిన్న కుర్చీలో చామనఛాయ అమ్మాయి ఒకతె పెన్సిళ్ళు వరసగా పేర్చుకుంటోంది. ఇప్పటి స్టెనో. మెడ నిటారుగా ఉంది. ఫరవాలేదనుకుంది స్టెనోగారు. రెండో వరుసలో పొడుగాయన భార్య చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని, దాని పట్టీని మెలితిప్పుతూ కూర్చుంది. పొడుగాయన పోలీసుల మధ్య నిలబడి ఉన్నాడు. అంత ఎత్తు మనిషీ భుజాలు కుదించుకుని అందరితో సమానంగా కనపడుతున్నాడు.

చిట్టి బోనెక్కి ప్రమాణం చేసింది. చిట్టి గొంతు ఆ హాల్లో వినపడగానే స్టెనోగారి కుడిచేతి వేలు సంచి మీద దానంతటదే గీతలు గియ్యడం మొదలెట్టింది. పాత అలవాటు. ఎడంచేత్తో ఆ వేలిని పట్టుకుని ఆపింది.

ప్రాసిక్యూటరు లేచాడు. నడివయసు మనిషి, గొంతు గంభీరంగా ఉంటుంది, మాట్లాడే ముందు కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటాడు.

"ప్రొఫెసరుగారూ, ఆ రికార్డింగులో ఉన్న మాట ఏమిటంటారు?"

"చెప్పేస్తా అన్న మాటండి."

"చంపేస్తా కాదా?"

"కాదు."

"ఎలా చెప్పగలరు?"

"రెండు కారణాలున్నాయండి. మొదటిది చ. మనం రాసేటప్పుడు చ అక్షరం ఒకటే గానీ, మాట్లాడేటప్పుడు రెండు రకాలుగా పలుకుతాం. 'చలి' అని చూడండి. నాలుక పళ్ళ వెనక ఆనుతుంది. 'చెయ్యి' అనండి. నాలుక కాస్త పైకి పోయి అంగిలిని తాకుతుంది. చంపడంలో ఉన్నది చలిలో చ. చెప్పడంలో ఉన్నది చెయ్యిలో చ."

హాలంతా ఒక్కసారి గుసగుసలు మొదలయ్యాయి. చలి, చెయ్యి, చలి, చెయ్యి. తలుపు దగ్గర కానిస్టేబులు పెదవులు కదులుతున్నాయి. హెడ్ గుమాస్తా ఆ పక్కకు తిరిగి గోడతో అంటున్నాడు. జడ్జిగారు గొంతు సవరించుకుంటున్నట్టు చేతిని నోటికి అడ్డం పెట్టుకున్నారు గానీ, చేతి వెనక ఆయన చేస్తున్నదీ అదేనని స్టెనోగారు కనిపెట్టింది.

చేతిని తీసి జడ్జిగారు అడిగారు. "అందరూ ఇలాగే పలుకుతారా?"

"లేదండి. కొందరు రెండూ ఒకేలా పలుకుతారు. అందుకే ఈయన ఎలా పలుకుతాడో ముందు చూశాను. అదే ఫోనులో, అంతకు ముందే ఈయన 'ఇక చాలు' అన్నాడు. అది పళ్ళ దగ్గరి చ, చలిలో లాంటిది. తర్వాతి మాటలో ఉన్నది అంగిలి దగ్గరి చ. చంపేస్తా అనే అని ఉంటే రెండూ ఒకేలా ఉండాలి. లేవు."

"బాగుంది," అన్నాడు ప్రాసిక్యూటరు. "కానీ ఆ మాట మధ్యలో 'మ్' అని మా అందరికీ వినపడుతోంది. చెప్పేస్తాలో 'మ్' లేదు కదా."

"లేదండి. ఆ 'మ్' మనిషిది కాదు, మిషనుది. అది రెండో కారణం. కోర్టువారి అనుమతితో ఫ్యాక్టరీకి వెళ్ళి ఆ మిషను తిప్పించి రికార్డు చేశాను. ఆ మూలుగు ఫోను మొదలైనప్పటి నుంచి పెట్టేసేదాకా ఉంది. ఈయన మాట్లాడుతున్నంతసేపూ మాట కింద పడి మనకు వినపడదు. 'ప్ప' అనాలంటే పెదవులు మూసి ఒక్క క్షణం ఆగాలి. ఆ ఆగినచోట నిశ్శబ్దం ఉంటుంది. ఆ సందులోంచి మిషను వినపడింది."

"అయితే మీరు నిశ్శబ్దాన్ని విన్నారన్నమాట."

"కొలిచానండి. నివేదికలో బొమ్మలున్నాయి."

ప్రాసిక్యూటరు నివేదికలో పేజీలు తిప్పాడు. కళ్ళద్దాలు తీసి మళ్ళీ తుడిచాడు. "ఇది నూటికి నూరు పాళ్ళు నిజమని చెప్పగలరా?"

చిట్టి కాసేపు ఆలోచించింది. స్టెనోగారు ముందుకు వంగింది. చెప్పెయ్యవే అనుకుంది, అవునని చెప్పెయ్యి.

"నూటికి నూరని ఏ శబ్దం గురించీ చెప్పనండి," అంది చిట్టి. "చంపేస్తా అనడానికి ఈ రికార్డింగులో ఆధారం ఒక్కటీ లేదు. చెప్పేస్తా అనడానికి రెండు ఉన్నాయి. అంతకు మించి ఏం చెప్పినా అది నా ఊహ అవుతుంది."

"ఊహలు మీకు కొత్తేమీ కాదనుకుంటాను," అని ప్రాసిక్యూటరు వెనక్కి చెయ్యి చాపాడు. అతని సహాయకుడు ఆ చేతిలో ఒక పుస్తకం పెట్టాడు. నీలం అట్ట. స్టెనోగారు ఆ అట్టను అంత దూరం నుంచీ గుర్తుపట్టింది. తన అలమరలో ఉన్నదే.

"మీరు కవిత్వం కూడా రాస్తారు కదండీ?"

"రాస్తాను."

"నిశ్శబ్దం మీద మీ అభిప్రాయాలు ఇందులోనూ ఉన్నాయి. కోర్టువారు వింటే బాగుంటుంది." ఒక పేజీ తెరిచి, ప్రతి మాటా సాగదీస్తూ చదవడం మొదలెట్టాడు.

"పగలంతా ఊరి మాటలు మోసి
మా అమ్మ ఇంటికొచ్చేది.
చెప్పులతో పాటు గొంతు కూడా
గుమ్మం అవతల విడిచేది.
గరిటె చప్పుడులో, గిన్నె మూతలో,
తల దువ్వే చేతి బరువులో
ఏం చెబుతోందో పోల్చుకునేదాన్ని.
మౌనానికీ ఒక భాష ఉంటుంది.
నేను నేర్చిన మొదటి భాష అదే."

ఎవరో నవ్వారు. ఇంకొకరు నవ్వు ఆపుకుంటూ దగ్గారు. హెడ్ గుమాస్తా గబుక్కున వెనక్కి తిరిగి స్టెనోగారి వంక చూసి, చూసినందుకు నొచ్చుకున్నట్టు తల దించుకున్నాడు. స్టెనోగారు జడ్జిగారి బల్ల కిందికి చూసింది. చిన్న కుర్చీ, బల్ల, ఆ ఊరి మాటలు. ఇది తన గురించే. ఇన్నాళ్ళూ అలమరలో నిలబడి ఉన్నది ఇదా. పరాయివాడి నోట, ఎగతాళిగా, ఆ హాల్లో, మొదటిసారి వినవలసి వచ్చింది. ఇంత భయమూ ఇందుకేనే తల్లీ, అనుకుంది. వేరే పేరు పెట్టుకోమని చెప్పానా లేదా.

"మౌనానికి భాష ఉంటుందా ప్రొఫెసరుగారూ? మీ శాస్త్రం అలా చెబుతుందా?" అన్నాడు ప్రాసిక్యూటరు.

చిట్టి ముఖంలో కోపం లేదు. క్లాసులో ఎవరో మంచి ప్రశ్న అడిగినట్టు చూస్తోంది.

"శాస్త్రం చెప్పదండి. అందుకే దాన్ని కవితలో రాశాను. అది కవిత్వమని అట్ట మీద ఉంది. ఇది నివేదికని దీని మీద ఉంది. రెండిటి మీదా నా పేరే పెట్టాను. కానీ నాదొక చిన్న మనవి."

"చెప్పండి," అన్నారు జడ్జిగారు.

"చివరి నుంచి రెండో పాదం ఆయన ఏమని చదివారో ఒకసారి చదివించండి."

జడ్జిగారు కిందికి చూశారు. చామనఛాయ అమ్మాయి కాగితం తిప్పి, వేలు పెట్టి వెతికి, తడుముకోకుండా చదివింది. "మౌనానికీ ఒక భాష ఉంటుంది."

పొల్లు పోలేదు, అనుకుంది స్టెనోగారు, అంత గాభరాలోనూ.

"పుస్తకంలో ఏముందో చూస్తారా?" అంది చిట్టి.

ప్రాసిక్యూటరు పుస్తకం కళ్ళ దగ్గరికి తెచ్చుకున్నాడు. చూశాడు. మళ్ళీ చూశాడు. జడ్జిగారు చెయ్యి చాపితే పుస్తకం అందించాడు. జడ్జిగారు ఆ పేజీ చదివి కళ్ళెత్తారు.

"'మౌనానికీ ఒక యాస ఉంటుంది' అని ఉంది. భాష కాదు. యాస."

"చూపు జారింది," అన్నాడు ప్రాసిక్యూటరు.

"మీ తప్పు కాదండి," అంది చిట్టి. ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు. "మౌనం అనగానే భాష అనడం మనందరికీ అలవాటు. కావాలనే యాస అని రాశాను. భాష అంటే అందరి మౌనమూ ఒకటే అయిపోతుంది. యాస అంటే ఒక ఇంటిది, ఒక మనిషిది. మా అమ్మ మౌనం మా అమ్మదే. సరే, అది కవిత గొడవ. నేను చెప్పేదేమిటంటే, అచ్చులో కళ్ళెదురుగా ఉన్న మాటను, చదువుకున్నవారు, పట్టపగలు, అలవాటు కొద్దీ ఇంకోలా చదివారు. అలాంటిది, కొట్లాడిన మనిషి ఫోను చేశాడని ముందే తెలిసినవాళ్ళు, మిషను రొదలో చెప్పేస్తా అన్న మాటను చంపేస్తా అని వినడంలో వింతేముంది? పోలీసులు అబద్ధం రాశారని నేననడం లేదు. ఏం వినబోతున్నారో ముందే అనుకుని విన్నారు. అంతే."

హాల్లో ఎవరూ నవ్వలేదు. జడ్జిగారు పుస్తకం మూసి పక్కన పెట్టి, రికార్డింగు వినిపించమన్నారు.

ముందు మిషను మూలుగు. తర్వాత పొడుగాయన గొంతు, ఆయాసంగా. ఇక చాలు. తాళం తియ్యకపోతే చెప్పేస్తా. ఇంకోసారి వేశారు. అదే మాట. ఇప్పుడది ఇంకోలా వినపడమన్నా వినపడేట్టు లేదు. రెండో వరుసలో పొడుగాయన భార్య సంచి పట్టీని వదిలేసి రెండు చేతులతో ముఖం కప్పుకుంది. పొడుగాయన భుజాలు మెల్లగా విప్పారాయి.

"ఇక ప్రశ్నలు లేవు," అన్నాడు ప్రాసిక్యూటరు. కూర్చునే ముందు చిట్టి వైపు తిరిగి కొంచెం తల వంచాడు. ఆ మాత్రం మర్యాద ఉన్నవాడే.

స్టెనోగారు ఆ బోనులో ఎంతమందిని చూసిందో. వణికినవాళ్ళు, బొంకినవాళ్ళు, తెలియనిది తెలుసునని గొప్పకు పోయినవాళ్ళు, తెలిసింది మింగేసినవాళ్ళు. వాళ్ళ మాటలన్నీ ఆవిడ చేతిలోంచే పోయాయి. నూటికి నూరని చెప్పనన్న మనిషి మాత్రం ఒక్కరూ గుర్తుకు రాలేదు. ఆ మాట అన్న మనిషి తన కడుపున పుట్టింది. కళ్ళు చెమర్చాయి. తుడుచుకోవాలని కూడా అనిపించలేదు. చూస్తే చూడనీ అనుకుంది.

వరండాలో చిట్టి నీళ్ళ సీసా మూత తిప్పుతూ కనపడింది. మూత రావడం లేదు.

"ఇటివ్వు," అని స్టెనోగారు మూత తీసి ఇచ్చింది. చిట్టి గటగటా తాగేదాకా ఆగింది. "ఎప్పుడు రాశావే అది?"

"నువ్వు రిటైరైన ఏడాది."

"నాకు చెప్పలేదేం?"

"పుస్తకం ఇచ్చానుగా అమ్మా. కొత్త పుస్తకం పేజీలు ఎలా అతుక్కుని ఉంటాయో అలాగే ఉన్నాయి. ఎప్పుడొచ్చినా చూస్తూనే ఉన్నాను."

స్టెనోగారు గోడకు ఆనుకుంది. "ఇంటికొచ్చి నీతో మాట్లాడేదాన్ని కాదు. నిజమే. నీకు అంత కష్టంగా ఉండేదని నేననుకోలేదు."

"కష్టమని ఎక్కడ రాశాను?" అంది చిట్టి. "నీకూ ఆ ప్రాసిక్యూటరుగారిలాగే లేనిది వినపడుతోంది. గరిటె పెట్టే తీరును బట్టి ఆ రోజు కోర్టులో ఎలాంటి కేసు వచ్చిందో చెప్పేదాన్ని నేను. గట్టిగా పెడితే ఆస్తి తగాదా. మెల్లగా పెడితే చిన్నపిల్లల కేసు. నా చెవికి అదే మొదటి బడి. గొప్పగా చెప్పుకుందామని రాశానమ్మా."

స్టెనోగారు దగ్గరికి జరిగింది. కూతురి భుజం మీద పడ్డ వెంట్రుకను తీసి పారేసింది. ఆ పనికి అవసరమైన దానికంటే ఎక్కువసేపు చెయ్యి అక్కడే ఉంచింది.

అంతలో పొడుగాయన భార్య వచ్చింది. ఏం చెప్పాలో తెలియక చిట్టి చేతులు పట్టుకుంది.

"మీ రుణం..." అంటుంటే చిట్టి ఆపేసింది. "అయ్యో, నేను చేసిందేమీ లేదమ్మా. ఆయన అన్నదే మళ్ళీ చెప్పాను."

"ఆయన ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ వినలేదండీ," అంది ఆ మనిషి.

తర్వాతి నెలలో తీర్పు వచ్చింది. పొడుగాయన నిర్దోషి అన్నారు. అంతటితో ఆపకుండా, ఆయన చెప్పేస్తానన్న విషయం ఏమిటో ఇప్పటిదాకా ఎవరూ అడగలేదని జడ్జిగారు తీర్పులో రాసి, కార్మికుల ఆఫీసు వాళ్ళను ఫ్యాక్టరీకి పంపించారు. వెనక తలుపు తాళం విరగ్గొట్టవలసి వచ్చింది. తాళంచెవి ఎక్కడుందో మేనేజరుకే తెలియలేదట. పొడుగాయన మళ్ళీ ఆ మిషను దగ్గరికి వెళ్ళాడు. తోటివాళ్ళు ఆయనను ఇప్పుడు పొడుగాయన అనడం మానేసి 'చెప్పేస్తా' అని పిలుస్తున్నారని ఆయన భార్య చిట్టికి ఫోనులో చెప్పింది.

స్టెనోగారు ఆ నీలం పుస్తకం అంతా చదివింది. భూతద్దం పెట్టుకుని, రోజుకు ఒకటి. కొన్ని అర్థం కాలేదు. కానివి కాలేదని చిట్టికి ఫోను చేసి చెప్పింది. ఒకటి బాగా లేదని కూడా చెప్పింది. మొదటి పుస్తకం కావాలంటే చిట్టి దగ్గరే లేదు, అచ్చయినవన్నీ అయిపోయాయి. ఎవరో పాత విద్యార్థి దగ్గర ఉంటే తెప్పించింది. అతనికి తిరిగి ఇవ్వాలని చిట్టి గుర్తు చేసినప్పుడల్లా స్టెనోగారికి ఆ ఫోను సరిగ్గా వినపడడం మానేస్తోంది.

ఇక్కడితో అయిపోయి ఉంటే చిట్టికి సుఖంగా ఉండేది. స్టెనోగారు కథ చెప్పడం మొదలెట్టింది. ముందు పక్కింటివాళ్ళకు చెప్పింది. తర్వాత మందుల షాపులో. తర్వాత బస్సులో పక్క సీటువాళ్ళకు. ఎవరు దొరికితే వాళ్ళ చేత చలి, చెయ్యి అనిపించడం, నాలుక ఎక్కడ తగులుతోందో చెప్పించుకోవడం. చెప్పేకొద్దీ ప్రాసిక్యూటరు గొంతు పెద్దదవుతోంది, హాలు నిండుతోంది. జడ్జిగారు లేచి నిలబడ్డంత పని చేశారని ఈ మధ్య కొత్తగా చేరింది.

"ఆయన లేవలేదమ్మా," అని చిట్టి ఒకసారి అంది.

"నువ్వు బోనులో ఉన్నావు, నీకేం తెలుసు? నేను వెనకనుంచి చూశాను."

కళ్ళ ఆసుపత్రికి తీసుకెళ్ళిన రోజూ అదే వరస. వరండాలో బల్ల మీద స్టెనోగారి పక్కన ఒక ముసలాయన కూర్చున్నాడు. మందు చుక్కలు వేయించుకుని కళ్ళు మూసుకుని ఉన్నాడు. తప్పించుకుపోయే దారి ఆయనకు లేదు. చిట్టి అవతలి చివర పత్రిక అడ్డం పెట్టుకుని కూర్చుంది.

"మా అమ్మాయి ప్రొఫెసరండి, భాషాశాస్త్రంలో," అంటోంది స్టెనోగారు. "కవిత్వం రాస్తుంది. పుస్తకాలున్నాయి, మీకు చూపు రాగానే పంపిస్తాను. ఒకసారి చలి అనండి."

"చలి," అన్నాడు ముసలాయన.

"ఇప్పుడు చెయ్యి అనండి."

ముసలాయన అన్నాడు. మళ్ళీ చలి అన్నాడు. మూసిన కళ్ళతోనే ముఖం వికసించింది. "అరె, నిజమే సుమండీ. ఇన్నేళ్లొచ్చాయి, ఎప్పుడూ గమనించనేలేదు."

"గమనించం. అదే కోర్టులో చెప్పింది."

అంతలో తలుపు తెరుచుకుని నర్సు వచ్చింది. చేతిలో కాగితం చూసి స్టెనోగారి పేరు పిలిచింది. చిట్టి బతుకుజీవుడా అనుకుంటూ లేచి నిలబడింది.

"ఒక్క నిమిషం ఆగమ్మా," అంది స్టెనోగారు నర్సుతో. "ఆయనకు ఇంకా తీర్పు చెప్పలేదు."